పేరు కొట్టివేయబడిన విద్యార్థి – మన విద్యానిధి

(సర్వసభ్య సమావేశమున విద్యానిధి నిబంధనలపై చర్చ జరిగినపుడు కోశాధికారిగారు చేసిన ప్రసంగ పాఠము)



నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి బట్టల దుకాణములో కూర్చున్నవాడను. కాలేజీ మెట్లెక్కినది బిడ్డలను చేర్చుటకును, ఫీజు కట్టుటకును మాత్రమే. అట్టివాడు కాలేజీ చదువులను గురించి ప్రసంగించుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. కాని విద్యానిధి చిట్టా, ఆవర్జాలు ఆరేండ్లుగ నా చేతిమీదుగ నడచుచున్నవి. ఎవరికెంత యిచ్చితిమో, ఎవరికెప్పుడు నిలిపితిమో ఆ పద్దులన్నియు నేనెరుగుదును. ఇచ్చిన పద్దులను చూచినపుడు సంతోషము కలుగును. నిలిపిన పద్దుల దగ్గరకు వచ్చునప్పటికి, ఆ తరువాత ఆ బిడ్డ యేమయ్యెనో పుస్తకములో ఎక్కడను లేదు. ఆ వ్రాయని పుటను గురించియే నేడు మాటలాడదలచితిని.

మన నిబంధనలలో ఏడవది మీకందరికిని తెలిసినదే. విద్యార్థి సంవత్సరాంతమున తప్పినను, కాలేజీ పట్టీనుండి అతని పేరు తొలగింపబడినను, ఆ నెలతోనే సాయము నిలిచిపోవును. ఈ నిబంధనను మార్చవలెనని నేను ప్రతిపాదించుచున్నాను. దీనిని పెట్టిన పెద్దల ఉద్దేశము మంచిదే. దాతలు చెమటోడ్చి సంపాదించి యిచ్చిన సొమ్ము సోమరుల పాలు కాగూడదని వారి తలంపు. వారిలో ఇద్దరు ఈ సభలోనే ఆసీనులై యున్నారు. వారికి నమస్కరించియే ఈ మాట చెప్పుచున్నాను.

పేరు తొలగింపబడువారు ఎవరో మొదట చూడుడు. నేను ఆ పద్దులను ఒక్కొక్కటిగ తిరగవేసితిని. అందులో సోమరులు లేరని చెప్పను, ఉన్నారు. కాని ఎక్కువమంది నడుమ వచ్చి చేరినవారు. ఒక రాష్ట్రములో చదువు మొదలుపెట్టి మరియొక రాష్ట్రములో కొనసాగింపబోయినవారు కొందరు. డిప్లొమా ముగించి నేరుగ ఇంజనీరింగు రెండవ సంవత్సరమున ప్రవేశించినవారు కొందరు. పన్నెండవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నవారే, మన సభలో శాలువ కప్పించుకొన్నవారే, రెండేండ్లు తిరుగకముందే పట్టీనుండి జారిపోయిరి.

ఇది మన ప్రాంతమునకు సహజమైన జబ్బు. హోసూరు మూడు రాష్ట్రముల వాకిట నున్న ఊరు. బెంగుళూరు 40 కిలోమీటర్లు. కుప్పము, మదనపల్లె, తిరుపతి మన చుట్టములున్న ఊళ్లు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సరకు తెచ్చునపుడు కన్నడము, బిడ్డల పుస్తకములలో ఇంగ్లీషు. కాబట్టి మనవాడు ఒకచోట సీటు దొరకకున్న మరియొకచోటికి పోవును. అక్కడ కుదరకున్న ఇక్కడికి వచ్చును. దీనిని మనము తెలివియని భావింతుము. బేరము ఎక్కడ కుదిరిన అక్కడ కొనుట వర్తకునికి తెలివియే. అయితే నా దుకాణమునకు వచ్చు ఆడవారు బాగుగ ఎరుగుదురు: పావడ గుడ్డ ఒక కొట్టులోను, దానికి సరిపడు రవిక గుడ్డ మరియొక కొట్టులోను కొన్నచో, ఒకే రంగని చెప్పి అమ్మినను వెలుతురులో చూచునప్పటికి రెండును కలియవు.

కాలేజీ మారిన బిడ్డ విషయములోను ఇట్లే జరుగును. రెండు విశ్వవిద్యాలయముల పాఠ్యప్రణాళికలను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూతురు. పాతచోట చదివినది క్రొత్తచోట లేకున్న ఆ మార్కులు లెక్కకు రావు. క్రొత్తచోట మొదటి సంవత్సరమున చెప్పినది వీడు చదివియుండకున్న, దానిని ఇప్పటి పాఠములతో కలిపి మోయవలెను. బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయపు 2018 నాటి ప్రణాళికలో, డిప్లొమానుండి వచ్చినవారు అదనపు గణితమను పాఠ్యమును రెండు భాగములుగ చదువవలసి యుండెను. కన్నడము రానివారికి కన్నడ పాఠ్యమును ఉండెను. ఇవి అన్యాయములని నేననను. ఏ ఇంటికి పోయిన ఆ ఇంటి ఆచారము పాటింపవలసినదే. కాని తోటివారు ఆరు పుస్తకములు మోయుచుండగ వీడు తొమ్మిది మోయుచున్నాడని ఇంటివారికి ఎవరు చెప్పిరి?

మరియొకటి హాజరు. నూటికి 75 లేనిదే పరీక్షకు కూర్చుండనీయరు. అనారోగ్యమునకు ఆధారము చూపినచో 65 వరకు మన్నించు పద్ధతి అన్నా విశ్వవిద్యాలయములోను, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములలోను కలదు. దానికి దిగజారిన ఆ సెమిస్టరు మరల చదువవలసినదే. బదిలీ కాగితములు రెండు కాలేజీలు, రెండు విశ్వవిద్యాలయముల సంతకములు తిరిగి వచ్చునప్పటికి వారములు గడచును. ఆలోపల తరగతులు నడచిపోవును, మొదటి ఆంతరిక పరీక్ష అయిపోవును. ఆ దినములను హాజరులో ఎట్లు లెక్కింతురో చేరునాడే అడిగి, వ్రాతమూలకముగ తెచ్చుకొన్న తండ్రిని నేనింతవరకు ఒక్కనినే చూచితిని. ఆయన లారీ రవాణా చేయువాడు. చీటి లేనిదే సరకు దింపనివాడు కనుక ఆ అలవాటు కాలేజీలోను పనికివచ్చెను!

మొత్తము గడువునకును హద్దు కలదు. అన్నా విశ్వవిద్యాలయపు 2017 నాటి నిబంధనలలో బి.ఇ. పట్టమునకు 14 సెమిస్టర్లు, రెండవ సంవత్సరమున చేరినవారికి 12 సెమిస్టర్లు గరిష్ఠ గడువు. వైద్యవిద్యలో జాతీయ వైద్య కమిషను 2023 నిబంధనలు మొదటి సంవత్సరపు పరీక్షకు 4 పర్యాయములే అవకాశమిచ్చుచున్నవి. ఈ హద్దులు దాటినవారి పేరు కొట్టివేయక కాలేజీకిని గత్యంతరము లేదు.

ఇవన్నియు కాగితమునకెక్కు కారణములు. ఎక్కనిది ఒకటున్నది. మొదటి సంవత్సరమున కలిసి చేరినవారు బల్లపై ప్రక్కప్రక్కన కూర్చుండి, హాస్టలులో ఒకే పళ్లెమున తిని, ఒకరి నోట్సు ఒకరు వ్రాసికొని జతలుగ ఏర్పడియుందురు. నడుమ వచ్చినవానికి ఆ జతలలో చోటుండదు. వెనుక బల్లపై కూర్చుండును. పాఠములో అర్థము కానిదానిని అడుగుటకు ప్రక్కవాని పేరైనను తెలియదు. ఉపాధ్యాయునికి వీని పేరు తెలియదు. వాడు రాకున్న, రాలేదని గమనించువారు ఎవరును ఉండరు.

మనవారిలో ఒక కుటుంబమును గురించి చెప్పెదను. పేరును, వీధిని చెప్పను, ఊహింపవద్దనియు ప్రార్థన. ఆ అబ్బాయి ఆంధ్రములో ఒక కాలేజీలో మొదటి సంవత్సరము చక్కగ ముగించెను. ఇంట తల్లికి జబ్బు చేయగ, ప్రతిదినము ఇల్లు చేరగల దూరములో ఉండవలెనని సరిహద్దునకు ఆవల మరియొక కాలేజీకి మార్చిరి. రెండు పాఠ్యములు కలియలేదు. హాజరు చాలలేదు. ఆ సెమిస్టరు మరల చదివెను, మరల చాలలేదు. చివరకు పేరు తీసివేసిరి. ఇంట చెప్పలేదు. నాలుగు నెలలపాటు తల్లి కట్టి యిచ్చిన చిత్రాన్నము డబ్బా పట్టుకొని ఉదయము బస్సెక్కి బెంగుళూరు పోయి, కబ్బన్ పార్కులో కూర్చుండి, సాయంత్రము ఖాళీ డబ్బాతో ఇల్లు చేరెను. ఆ నాలుగు నెలలలో సంక్రాంతి వచ్చెను. చుట్టములు వచ్చి చదువెట్లున్నదని అడిగిరి. బాగున్నదనెను.

ఇంటివారికి ఆ సంగతి ఎట్లు తెలిసెనో వినుడు. ఏడవ నిబంధన ప్రకారము సాయము నిలుపబడినదని మన కార్యాలయమునుండి వెళ్లిన ఉత్తరము చూచి తెలిసికొనిరి.

ఆ తండ్రి చదువరి కాడు. ఉత్తరమును ప్రక్కింటివానిచేత చదివించుకొనెను. అనగ వీధికి ముందు తెలిసి, ఇంటికి తరువాత తెలిసినది. ఆ రాత్రి కొడుకు ఇల్లు చేరినపుడు, ఆయన అడిగినది ఒక్కటే మాటయని తరువాత నాకు చెప్పెను. "మధ్యాహ్నము ఎక్కడ కూర్చుండి తింటివిరా, నాయనా?" అని. అబ్బాయి అంతయు చెప్పెను. ఆ ప్రశ్నకు బదులు వేరొక ప్రశ్న వేసియుండిన ఏమగునో అని తలచుకొనునపుడు నాకు ఇప్పటికిని చేతులు చల్లబడును. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో ఈ దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. వారి కారణములు పలువిధములు. అన్నియు చదువు గొడవలు కావు. కాని ఇంటికి పోయి చెప్పలేకపోవుట వారిలో ఎందరి కథయో ఆలోచింపుడు.

కాలేజీనుండి తొలగింపబడిన బిడ్డ మొదట పోగొట్టుకొనునది సీటు కాదని నా అభిప్రాయము. ఇల్లు చేరి నిజము చెప్పగల ధైర్యమును పోగొట్టుకొనును. తక్కిన నష్టములు దానివెంట వచ్చును. మన విద్యానిధి ఆ ధైర్యమును నిలుపునదిగ ఉండవలెనా, లేక తొలగింపు వార్తను ఇంటింటికి చేర్చు తపాలాబంట్రోతుగ ఉండవలెనా యనునదే నేటి చర్చ.

ఇక్కడ ఒక మహనీయుని చరిత్ర జ్ఞప్తికి తెచ్చెదను. శ్రీనివాస రామానుజన్ పేరు వినని ఇల్లు లేదు. ఆయన ఈరోడులో 1887లో పుట్టి, కుంభకోణములో పెరిగినవాడు. 1904లో కుంభకోణము ప్రభుత్వ కాలేజీలో విద్యార్థివేతనముతో చేరెను. గణితము తప్ప తక్కిన పాఠ్యములను పట్టించుకొనకపోవుటచే మరుసటి సంవత్సరము ఆ వేతనము నిలిచిపోయెను. ఆ కాలేజీవారు చేసినది, అచ్చముగ మన ఏడవ నిబంధన చెప్పుచున్నదే. ఆ పిల్లవాడు ఏమి చేసెను? ఇంట చెప్పక పారిపోయెను. ఎక్కడికి? మన తెలుగుసీమకు, విశాఖపట్టణమునకు. మన చరిత్రలలో ఈ ముక్కను ఒక వాక్యములో దాటవేయుదురు. పదునేడేండ్లవాడు, తెలియని ఊరు, చేతిలో సొమ్ము లేదు. ఆ తల్లిదండ్రులు పడిన వేదనను తలచినవారు తక్కువ.

తరువాత 1906లో మద్రాసులోని పచ్చయప్ప కాలేజీలో చేరెను. అనగ ఆయనయు కాలేజీ మారిన విద్యార్థియే. మూడు నెలలకు జబ్బుపడెను. ఎఫ్.ఎ. పరీక్షలో గణితమున నెగ్గి తక్కినవానిలో తప్పెను. అంతటితో కాలేజీ చదువు ముగిసెను. పట్టము లేదు, ఉద్యోగము లేదు. అట్టి స్థితిలో నోటుపుస్తకములు చంకన పెట్టుకొని పెద్దల ఇండ్లకు తిరుగుచుండగ, నెల్లూరు కలెక్టరుగ నుండిన ఆర్. రామచంద్రరావుగారు ఆ పుస్తకములు చూచి, నెలకు 25 రూపాయలు తన సొంత సొమ్ములోనుండి ఇచ్చెను. పరీక్ష తప్పినవానికి ఇచ్చెను! 1912 మార్చి 1వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతముపై గుమాస్తాపని దొరకెను. 1913 జనవరిలో కేంబ్రిడ్జికి, హార్డీ పండితునికి ఆయన వ్రాసిన ఉత్తరము లోకమెరిగినదే. ఆ ఏడే మద్రాసు విశ్వవిద్యాలయము, పట్టము లేని ఈ గుమాస్తాకు నెలకు 75 రూపాయల పరిశోధనవేతనము మంజూరు చేసెను. 1918లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

మిత్రులొకరు నిన్న దుకాణమునకు వచ్చి, "రామానుజన్ కోటికొకడు, మన పిల్లలు రామానుజన్లా?" అని ఎగతాళి చేసిరి. కారు. కానక్కరలేదు. నేను రామానుజన్‌ను చూచుట లేదు, రామచంద్రరావుగారిని చూచుచున్నాను. రామానుజన్ కోటికొకడు, రామచంద్రరావుగారు మాత్రము నెలకు 25 రూపాయలు విడువగల గృహస్థు. ఆ పని మన సంఘమునకు చేతకానిది కాదు.

కఠినమైన సంస్థలును ఒక్కొక్కపుడు వెనుకకు తగ్గినవి. రూర్కీ ఐ.ఐ.టి. 2015లో మొదటి సంవత్సరము చివర 70 మందికి పైగా విద్యార్థులను మార్కులు చాలలేదని తీసివేసెను. కొంతకాలమునకు ఆ సంస్థయే, మొదటి సంవత్సరము మరల చదువుటకు వారికి అవకాశమిచ్చెను. దేశములోనే పేరుపొందిన విద్యాలయమునకు తగిన పని మన విద్యానిధికి తగదా?

ఇంక, అట్టి స్థితి వచ్చిన ఇంటివారు ఏమి చేయవలెనో నాకు తెలిసినంత చెప్పెదను. నేను వైద్యుడను కాను. వర్తకునిగ నాకు తెలిసిన సూత్రమొకటి కలదు: సరకు తడిసిన దినమున అంగడిలో కేకలు వేసిన తడిసినది ఆరదు. మొదటి వారము లెక్కలు అడుగవద్దు. వానికి వేళకు అన్నము పెట్టుడు, ఒంటరిగ విడువకుడు. చుట్టములు అడిగిన, "ఇంట ఉన్నాడు, మేము చూచుకొందుము" అని తండ్రియే బదులు చెప్పవలెను, బిడ్డచేత చెప్పించరాదు. బిడ్డ మౌనము భయపెట్టుచున్నచో 14416 అను నంబరునకు ఫోను చేయుడు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అది. తెలుగులోను మాటలాడవచ్చును, రుసుము లేదు. పిచ్చి పట్టినవారే అట్టిచోటికి పోవుదురను మాటను మన ముసలివారు మానుకొనవలెను.

ఆ తరువాత కాగితములు. ఇందులో మనవారు మెత్తపడుదురు. కాలేజీవారు చెప్పినదెల్ల శాసనమని తలతురు. తొలగింపు వ్రాతమూలకముగ నున్నదా, కారణము వ్రాసిరా, హాజరు లెక్క ఇచ్చిరా అని అడుగవలెను. తప్పిన సమాధానపత్రము నకలు కోరవలెను. పరీక్ష వ్రాసినవానికి తన పత్రమును చూచు హక్కు కలదని సర్వోన్నత న్యాయస్థానము 2011 ఆగస్టులో తీర్పు చెప్పెను. మార్కులు తప్పుగ పడుట జరుగని సంగతి కాదు. 2019లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములలో దోషములు బయటపడినపుడు, తప్పినవారి పత్రములు రుసుము లేకుండ మరల పరిశీలింపగ, వేయిమందికి పైగ నెగ్గినట్లు తేలెను. అప్పటికే కొందరు బిడ్డలు ప్రాణములు తీసికొనియుండిరి.

కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార సంఘముండవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2023లో నిబంధనలు చేసెను. అక్కడ న్యాయము జరుగలేదని తోచిన 15 దినములలో ఓంబుడ్స్‌పర్సనుకు అప్పీలు చేసికొనవచ్చును. ఆ గడువు దాటనీయరాదు. మార్కులు పెంచుమని మాత్రము ఆయనను అడిగి లాభము లేదు. స్పష్టమైన అక్రమమో, వివక్షయో చూపగలిగిననే అట్టి అర్జీని వినును.

అసలు సర్టిఫికెట్ల విషయము మరువరాదు. మిగిలిన ఏండ్ల ఫీజు కట్టిననే టి.సి. ఇత్తుమనువారు కలరు. సర్టిఫికెట్లు తాకట్టు సొమ్ములు కావు. వానిని పట్టియుంచరాదని అదే నిధుల సంఘము 2018 అక్టోబరులో ఉత్తరువు చేసెను. ఆ ఉత్తరువు నకలు మన కార్యాలయములో ఉంచితిని. కాలేజీకి పోవువారు తీసికొనిపోవచ్చును, తిరిగి ఇచ్చినచో సంతోషము.

నెగ్గిన పాఠ్యములు ఏమగునని అడుగవచ్చును. 2021 నుండి క్రెడిట్ల బ్యాంకు ఒకటి ఏర్పడియున్నది. చదివి నెగ్గినదానిని అందులో జమ కట్టుదురు. ఆ జమ 7 ఏండ్ల వరకు చెల్లునని నిబంధన. బ్యాంకు అను పేరు విని మనవారు మురియవద్దు. ఒక బ్యాంకు చెక్కు అన్నిచోట్ల మారినట్లు ఈ క్రెడిట్లు అన్ని కాలేజీలలోను మారవు. పుచ్చుకొను కాలేజీ ఏవి ఒప్పుకొనునో, ఏవి ఒప్పుకొనదో ముందుగ జాబితా వ్రాయించుకొననిదే రెండవసారి బదిలీకి ఒడిగట్టరాదు. ఒకసారి కలియని రంగు చేత మునిగినవారు రెండవసారి వెలుతురులో చూచి కొనవలెను గదా.

ఇంజనీరింగే దారి కాదు. హైదరాబాదులో 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేడు అంబేద్కరు పేరున నున్నది, దేశములో ఆ విధమైన వానిలో మొదటిది. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము, తరువాత మైసూరులోను, చెన్నైలోను అట్టివి ఏర్పడినవి. పనిచేయుచు చదువుకొనవచ్చును. మన ఊరిలోనే అశోక్ లేలాండు, టి.వి.ఎస్., టైటాను వంటి కర్మాగారములున్నవి. 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద పని నేర్చుకొనువారికి నెలకింతని భృతి ఇత్తురు. కబ్బన్ పార్కులో కూర్చున్న ఆ అబ్బాయి ఇప్పుడట్లే ఒక కర్మాగారములో పని నేర్చుకొనుచు, సాయంత్రములు బి.కాం. పాఠములు చదువుచున్నాడు. గొప్పవాడయ్యెనని నేను చెప్పుటలేదు. ఉదయము డబ్బా పట్టుకొని పోవుచున్నాడు, ఎక్కడికి పోవుచున్నాడో తల్లికి తెలియును.

వర్తక కుటుంబములవారితో ఒక మాట. కాలేజీ తీసివేసిన వెంటనే "రా, గల్లాపెట్టె దగ్గర కూర్చో" అందుము. దుకాణము నాకు దైవము. అయినను దానిని బిడ్డకు శిక్షగ చూపినచో వాడు జీవితాంతము ఆ గల్లాను ద్వేషించును, కొనవచ్చినవారిమీద విసుగుకొనును. దుకాణము దివాలా తీయుటకు అంతకంటె దగ్గరి దారి లేదు. ఇష్టపడి వచ్చినచో వచ్చుగాక. ఆరు నెలలు జీతమిచ్చి పని చేయించి, అప్పుడు అడుగుడు.

ఆడబిడ్డల సంగతి వేరు, చెప్పుటకు బాధగ నున్నది. అబ్బాయి తప్పిన "మరల వ్రాయును" అందుము. అమ్మాయి తప్పిన ఆ వైశాఖములోనే సంబంధము చూతుము. నిలిపిన పద్దులలో ఆడబిడ్డల పేరు ఒక్కటైనను మరల చదువు పద్దులలోనికి రాలేదు. మగబిడ్డలలో కొందరైనను ఏదో విధముగ తిరిగి వచ్చి దరఖాస్తు చేసికొనిరి. ఆ అమ్మాయిలలో ఒకతె కాలేజీ మారినది తన కోరికచే కాదు, అన్నకు బెంగుళూరులో ఉద్యోగము వచ్చినందున ఇల్లంతయు కదలినది. ఇల్లు కదిలించినవారు ఫలితమును ఆమె నెత్తిన పెట్టుట ఏ న్యాయము? ఏ ఇంటివారు ఆడబిడ్డను మరల చదివింపదలతురో వారికి ముందుగ సాయమందవలెనని నా కోరిక. దీనిని ఎవరైన వ్యతిరేకించిన వారి వాదమును విని బదులు చెప్పుటకు సిద్ధముగ నున్నాను.

ప్రతిపాదన ఇది. పేరు తొలగింపబడినను, తప్పినను, విద్యార్థికి సాయము ఒక సంవత్సరము నిలుపరాదు. ఆ సంవత్సరములో వాడు ఏదో ఒక చదువులోనో, పని నేర్చుకొనుటలోనో చేరవలెను. చేరిన రశీదు చూపవలెను. చేరనిచో అప్పుడు నిలుపవచ్చును. దండుగ ఖాతా తెరువుమని నేను చెప్పుట లేదు. కార్యాలయమునుండి ఇంటికి ఉత్తరము పంపు పద్ధతి మానవలెను. విద్యార్థినే ముందు పిలువవలెను. మనలో ఇద్దరు, వారిలో ఒకరు ఉపాధ్యాయ వృత్తిలోనివారు, వానితో మాటలాడి, వాడు ఒప్పుకొనిన వానితో కూడ కాలేజీకిని, పిదప ఇంటికిని పోవలెను. తండ్రికి వార్త చెప్పువాడు కొడుకే అయి యుండవలెను. మనము ప్రక్కన కూర్చుండినచో చాలును. కాలేజీ మారబోవువారు మారుటకు ముందే మన కార్యాలయమునకు వచ్చి రెండు పాఠ్యప్రణాళికలను సరిచూపించుకొనవలెనని మరియొక షరతు. ఆ పని ఉచితముగ చేసిపెట్టుటకు విశ్రాంత అధ్యాపకులు ఇద్దరు ఒప్పుకొనిరి.

దీనికగు వ్యయమును గురించి దాతలు కలవరపడనక్కరలేదు. గత మూడేండ్ల మిగులుతో ఈ యేటి ఖర్చును సరిపోల్చిన కాగితము మీ కుర్చీలపై ఉంచితిమి. చివరి పంక్తిలోని మొత్తమును ఆడిటరుగారు సరిచూచిరి. ఏడవ నిబంధన పాత పాఠము ఎడమవైపున, క్రొత్త పాఠము కుడివైపున అచ్చువేయబడినవి. కుడివైపు పాఠములో "ఒక సంవత్సరము" అనుచోట "రెండు సంవత్సరములు" అని ఉండవలెనని కార్యవర్గములో ఒకరు సవరణ ప్రతిపాదించిరి. నాకు అభ్యంతరము లేదు. ముందు సవరణపైనను, ఆ పిమ్మట నిబంధనపైనను చేతులెత్తుడని అధ్యక్షులవారు అడిగెదరు.